మూడో గది

లీమాలో వాన పడదు.
జూన్ వచ్చిందంటే సముద్రం మీంచి ముసురొకటి లేచొచ్చి
మా కొండ మీద కూర్చుంటుంది.
గొడుగు విప్పేంత ఉండదు,
బట్టలారేంత వదలదు.
ఎదెల్మీరా టాక్సీకి జబ్బు చేసేది అప్పుడే.

"పగలు బాగానే ఉంటుంది నికాసియో,
తెల్లారుజామున, ఎక్కుడు రోడ్డులో
మిస్సింగ్ కొడుతుంది,
దగ్గు తెరలో ముసలాడిలా ఊగిపోతుంది.
నీ దగ్గరికి తెచ్చేసరికి
ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది."

మూడు వారాల కిందా ఇదే మాట చెప్పింది.
అప్పుడు నేను వినలేదు. విన్నాను, సగం.
ఇంజెక్టర్లు కడిగాను, ప్లగ్గులు మార్చాను,
నూట ఎనభై సోల్‌లు పుచ్చుకున్నాను.
ఆ మధ్యాహ్నం ఎండొచ్చింది, ఈ నెలల్లో అరుదు.
బండి నున్నగా వెళ్ళిపోయింది.
నేను బాగుచేశాననుకున్నాను.
బాగుచేసింది ఎండ.

ఈసారి రాత్రికి ఉంచెయ్యమన్నాను.
షెడ్డు తలుపు దించి దీపం ఆర్పాను.
విల్మెర్ వాళ్ళమ్మ పూలకుండీలకు నీళ్ళు చల్లే సీసా
అడక్కుండా పట్టుకొచ్చాడు.
ఇంజను నడుస్తోంది.
నాలుగు కాయిళ్ళు, వరసగా నాలుగు నల్ల టోపీలు.
వాటి మీద మేమే ముసురు కురిపించాం.

ఒకటి. ఏమీ లేదు.
రెండు. ఏమీ లేదు.
మూడోదాని మెడ దగ్గర
నీలంగా ఓ గీత,
పిల్లి మీసమంత.
టిక్.
మళ్ళీ టిక్.
ఇంజను కుంటింది.

విల్మెర్ కేకేశాడు.
ఆగరా, కనపడ్డవాడల్లా దొంగ కాదు.
ఇంజను ఆపి
మూడో కాయిల్ తీసి ఒకటో గదిలో పెట్టాను,
ఒకటోదాన్ని మూడులో.
కుంటుడు గదిదైతే గదిలోనే ఉండిపోవాలి,
కాయిల్‌దైతే కాయిల్ వెంట పోవాలి.
మళ్ళీ చల్లాం.
పోయింది.
చేసిన అప్పులాగా దాని వెంటే పోయింది.

గ్యాసు బండ్లకిది మామూలే.
పెట్రోలు ఒక్క మాటకే అంటుకుంటుంది,
గ్యాసుకి గట్టిగా చెప్పాలి.
పన్నెండు వోల్టులు పుచ్చుకుని
వేలకు వేలు చేసి విసరాలి ఈ జానెడు ప్రాణి,
రోజుకు పద్నాలుగు గంటలు, ఎదెల్మీరాతో పాటే.
ఎక్కడో చర్మం చిట్లుతుంది.
తేలికదారి కనపడ్డాక
మెరుపు మాత్రం ప్లగ్గు దాకా ఎందుకు పోతుంది?
పక్కనున్న ఇనుముకి దూకేస్తుంది.
నాకర్థమయ్యే సంగతే.
ఆరోజు నేనూ అలాగే దూకాను.

కొత్త కాయిల్ ఎనభై అయిదు.
ప్లగ్గు బావిలో చెమ్మ తుడిచి
బూటు లోపల బఠాణీ గింజంత గ్రీజు రాసి
టక్కుమనేదాకా క్లిప్పు నొక్కాను.
ఆ చప్పుడు వినపడకపోతే
నీ చేతుల్ని కూడా నమ్మకు, అన్నాను విల్మెర్‌తో.
బోల్టు బిగించు, పగబట్టకు.

"పాత డబ్బు సంగతి చెప్పాలా?" అన్నాడు వాడు.
"ఆవిడకేం తెలుసు?"
నేను చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాను.
గుడ్డ నల్లబడింది గానీ చేతులు తెల్లబడలేదు.

అయిదింటికి వచ్చింది,
చంకలో ఫ్లాస్కు, కళ్ళ కింద నిద్ర.
తాళం తిప్పి, తల వంచి విన్నది.
నాలుగు గదుల్లోనూ మనుషులున్నారు.
కాయిల్ డబ్బు తీసుకుని
ఆ నూట ఎనభై కిటికీలోంచి అందించాను.
"అప్పుడు తప్పు చూశాను."

రెండుసార్లు లెక్కపెట్టింది.
"ఇది డబ్బు, సరే.
దారిలో ఆగిపోయిన రాత్రులు నాలుగు" అంది.
అంటూనే ఫ్లాస్కు మూత నిండా
బార్లీ కషాయం పోసి చేతికిచ్చింది.

నేను తాగుతుండగానే బండి కదిలింది,
ముసురులోకి, ఎక్కుడు మీదికి.
మంచి చెవి అటు ఒగ్గి నించున్నాను,
మూడో మలుపు దాటేదాకా.
కుంటుడు లేదు.

మూత నా దగ్గరే ఉండిపోయింది.